గ్యాంగు మొత్తానికి ఒకటే ఉమ్మి

ఒకరి వైద్య పరీక్షను ఇంకొకరు చేయించుకునే పద్ధతిని వెంటనే చట్టబద్ధం చేయాలని నేను ఈ వ్యాసం ద్వారా గట్టిగా కోరుతున్నాను.

నవ్వకండి! మీరే ఆలోచించండి. కరెంటు బిల్లు కట్టడానికి తమ్ముణ్ణి పంపిస్తాం, ఎవరూ ఏమీ అనరు. పిల్లాడి స్కూలు మీటింగుకి భార్యను పంపిస్తాం, ఎవరూ ఏమీ అనరు. చావు పరామర్శకి కూడా ఇంట్లో ఎవరో ఒకర్ని పంపించి చేతులు దులుపుకుంటాం. మరి రక్తం దగ్గరికి వచ్చేసరికి "మీరే రావాలి, మీదే ఇవ్వాలి" అని ఈ డాక్టర్లు పట్టుబట్టడం దేనికి? మగవాడికి వేరే పనులుండవా?

పైగా హెచ్‌ఐవి పరీక్షట! ఆ మాట చెవిన పడగానే మర్యాదస్తుడైన మగవాడు ముందు అటూ ఇటూ చూస్తాడు. తర్వాత "నాకెందుకండీ, నేను అలాంటివాణ్ణి కాదు" అంటాడు. కాదని అతనికెలా తెలుసు? తెలుసంతే. మగవాడికి తన ఒంట్లో ఏముందో తెలుసుకోవడానికి పరీక్షలు అక్కర్లేదు, అద్దం చాలు. అద్దంలో కండ కనిపిస్తే ఆరోగ్యం ఉన్నట్టే.

క్లినిక్ వాళ్ళు కూడా ఈ సంగతి గ్రహించినవాళ్ళే. మీ దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి ఒకసారి వెళ్ళి చూడండి. మీరు మగవాళ్ళయితే దారి తెలియదు కాబట్టి నేనే చెబుతాను. గోడలకు గులాబీ రంగు. ఆ గోడల మీద తల్లీబిడ్డల బొమ్మలు. మూలన పిల్లల్ని తూచే తక్కెడ. బెంచీల నిండా ఆడవాళ్ళు. మగవాడెవడైనా తప్పిపోయి లోపలికొస్తే, "మీ ఆవిడ లోపలుందా?" అని అడిగి బయట నిలబెడతారు. తలుపులు తెరిచేది అతను షిఫ్టుకి వెళ్ళాక, మూసేది అతను షిఫ్టు దిగకముందు. మీరు రానవసరం లేదని ఇంతకంటే మర్యాదగా ఎవరు చెప్పగలరు?

అయినా కొంతమంది చాదస్తులు ఊరుకోరు. మగవాడు రాకపోతే మేమే మగవాడి దగ్గరికి వెళతామని బయల్దేరతారు. అలా బయల్దేరినవాళ్ళకు ఒక ఇనుప షెడ్డులో ఎలాంటి పాఠం నేర్పారో చెప్పడానికే ఇవాళ కలం పట్టాను.

ఆ షెడ్డులో పెద్ద పెద్ద ట్యాంకులూ గర్డర్లూ తయారుచేస్తారు. వెల్డింగ్ మెరుపులు, గ్రైండర్ల రొద, నెత్తిమీద క్రేను. అందులో ఒక గ్యాంగుకి పెద్ద మేస్త్రి. నడివయసు మనిషి, మాట కరుకు, మనసు మాత్రం వెన్న. తన గ్యాంగులో ఎవడికి ఏ ఇబ్బంది వచ్చినా ముందు నిలబడేది ఆయనే. ఆయనతో కలిపి మొత్తం పదకొండు మంది. పదకొండు ఒళ్ళున్నా కాగితం మీద వాళ్ళు ఒకే ఒళ్ళు, ఎందుకంటే మేస్త్రి పనిచేయించే పద్ధతే అది. పొద్దున ముందొచ్చినవాడు అందరి హాజరు కార్డులూ పంచ్ చేసేస్తాడు. సేఫ్టీ పరీక్ష పెడితే ఫిట్టరు ఒక్కడే కూర్చుని అందరి జవాబులూ రాసేస్తాడు. కళ్ళ పరీక్షకి క్రేన్ ఆపరేటరు వెళ్ళి అందరి పేరునా బోర్డు మీది అక్షరాలు చదివేస్తాడు. సగం మంది వెల్డర్లకు దగ్గరి గోడ కూడా మసగ్గా కనిపిస్తుంది, కానీ కాగితం మీద అందరివీ డేగ కళ్ళే.

ఇక ఒంటికి సంబంధించిన పరీక్షలన్నీ వస్తాదు శాఖ.

వస్తాదు అసలు పేరు ఏమిటో షెడ్డులో సగం మందికి తెలియదు. ఇద్దరు మోయాల్సిన గొలుసును ఒక్కడే భుజాన వేసుకుని, మధ్యలో ఆగి బీడీ ముట్టించుకునే మనిషి. జ్వరం అనే మాట అతని నోట ఎవరూ వినలేదు. కాబట్టి ఏటేటా ఫిట్‌నెస్ పరీక్షలు వచ్చినప్పుడు పదకొండు సీసాల్లోనూ అతని మూత్రమే ఉండేది. కొన్నేళ్ళుగా ఆ గ్యాంగు మొత్తం వస్తాదు మూత్రం మీదే ఆరోగ్యంగా బతుకుతోంది. టీలో ఆరు చెంచాల పంచదార వేసుకునే గ్రైండింగ్ పెద్దాయనకు కూడా కాగితం మీద షుగరు చుక్క లేదు!

ఈ వస్తాదు మేస్త్రికి పరాయివాడు కాదు. సొంత చెల్లెలి మొగుడు. ఏరికోరి మేస్త్రే చేసిన సంబంధం. "ఇంత ఆరోగ్యవంతుణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చావన్నయ్యా" అని చెల్లెలు మురిసిపోయేది. ఆయనకు అదొక గర్వం.

ఇలా హాయిగా సాగిపోతుండగా ఒకరోజు క్లినిక్ నుంచి ఒక సిస్టరమ్మ అట్టపెట్టె పట్టుకుని షెడ్డుకి వచ్చింది. క్యాంటీన్‌లో అందర్నీ కూర్చోబెట్టి సెల్ఫ్ టెస్ట్ కిట్ అని ఒక పొట్లం చూపించింది. సూది లేదు, రక్తం లేదు. ఒక ప్లాస్టిక్ పుల్ల. దాన్ని చిగుళ్ళ మీద మెల్లగా రుద్ది, చిన్న సీసాలో పెట్టి, పేరు రాసిన కవరులో ఆవిడకు ఇచ్చేస్తే చాలు. గీతలు ఆవిడే చూసి మర్నాడు చెబుతుంది. ఒక గీత వస్తే నెగెటివ్, రెండు వస్తే రియాక్టివ్, అంటే ఉండొచ్చని.

"ఉమ్మిలో ఉంటుందా అమ్మా అది?" అని గ్రైండింగ్ పెద్దాయన భయంగా అడిగాడు.

"ఉమ్మితో ఎవరికీ అంటదు తాతా. ఒంట్లో ఉంటే దాని ఆనవాలు చిగుళ్ళ తడిలో తెలుస్తుంది, అంతే. ఉన్నా భయం లేదు, రోజుకో మాత్ర వేసుకుంటే అందరిలాగే బతకొచ్చు. ఇంట్లోవాళ్ళకి అంటకుండా కూడా ఉంటుంది. తెలుసుకోకపోతేనే ప్రమాదం."

ఎంత ఘోరమైన మాట చూడండి! మగవాడు తెలుసుకోవాలట.

కవరు ఇచ్చినవాళ్ళకు ఆ పూట సెలవు, జీతం కోత లేదు అని మేనేజరు ప్రకటించాడు. దాంతో అంతవరకూ నేల చూపులు చూస్తున్నవాళ్ళంతా పొట్లాలు అందుకున్నారు. మేస్త్రి గ్యాంగు వాటిని పట్టుకుని తిన్నగా టూల్ రూములోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"ఇది చిగుళ్ళ మీద రుద్దుకోవాలట," అన్నాడు క్రేన్ ఆపరేటరు పుల్లను వెలుతురుకి పెట్టి చూస్తూ.

"రుద్దితే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. తెలుస్తుంది."

"ఏం తెలుస్తుంది?"

ఒకడు బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. ఇంకొకడు గోడకు తగిలించిన స్పానర్లను సైజుల వారీగా సర్దడం మొదలుపెట్టాడు. ఆ టూల్ రూము అంత శుభ్రంగా ఎన్నడూ లేదని తర్వాత స్టోర్‌కీపరు అన్నాడు.

మేస్త్రికి తన మనుషుల మొహాలు చూస్తే జాలేసింది. పరువుగల వాళ్ళు, పాపం, ఒక్కొక్కడూ ఏదో ఒక బయటి ఊళ్ళో పనో, పాత రాత్రో గుర్తు చేసుకుంటున్నట్టున్నాడు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అందరం ఎందుకురా నోళ్ళు పాడుచేసుకోవడం? బావా, ఎప్పట్లాగే నువ్వే కానిచ్చెయ్."

వస్తాదు నవ్వి, బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని, చొక్కా చేతులు పైకి మడిచాడు. పళ్ళు తోముకోవడానికి చేతులెందుకు మడవాలో నాకు తెలియదు గానీ, గ్యాంగుకి ధైర్యం వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి పదకొండు పుల్లలూ అతని చిగుళ్ళ మీద తిరిగాయి. పదకొండు కవర్లు సిస్టరమ్మ పెట్టెలోకి చేరాయి. అందరూ ఆ పూట సెలవు పుచ్చుకుని ఇళ్ళకు వెళ్ళి హాయిగా నిద్రపోయారు.

మర్నాడు సిస్టరమ్మ ఫస్ట్ ఎయిడ్ గదిలో కూర్చుని ఒక్కొక్కర్నే లోపలికి పిలిచింది.

మొదట వెళ్ళింది క్రేన్ ఆపరేటరు. "మీది రియాక్టివ్ వచ్చింది, ఇదే ఫైనల్ కాదు, క్లినిక్‌కి వస్తే రక్తం తీసి చూస్తాం" అని ఆవిడ మెల్లగా చెప్పింది. అతను మిగతా మాటలు వినలేదు. షెడ్డు వెనక గేటులోంచి బయటపడి, పరుగులాంటి నడకతో ఇంటికెళ్ళి, భార్య ముందు కూలబడ్డాడు. బయటి ఊళ్ళో పనికి వెళ్ళినప్పటి సంగతంతా, మొదటినుంచి చివరిదాకా, ఆ లాడ్జి పేరుతో సహా చెప్పేశాడు. ఆవిడ అంతా విని, లోపలికెళ్ళి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు వెలిగింది అతనికి, ఆ పుల్ల అసలు తన నోట్లోకే వెళ్ళలేదని!

"ఏయ్, ఆగు! అది నాది కాదు. నాకేం లేదు," అన్నాడు తలుపు దగ్గరికి పరిగెత్తి.

"పుల్ల నీది కాదు సరే," అంది భార్య సంచీ జిప్పు లాగుతూ. "ఇప్పటిదాకా చెప్పిన కథ ఎవరిది?"

ప్రాక్సీ పద్ధతి మరిచిపోయి మగవాడు సొంతంగా నోరు తెరిస్తే ఇలాంటి అనర్థాలే జరుగుతాయి. గమనించగలరు.

మేస్త్రి అంత తెలివితక్కువవాడు కాదు. సిస్టరమ్మ నోట రియాక్టివ్ అనే మాట వినగానే ఒక్క క్షణం వెన్నులోంచి చెమట దిగిన మాట నిజమే. మరుక్షణమే "నా ఉమ్మి కాదుగా" అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. నవ్వు కూడా వచ్చింది. గదిలోంచి బయటికొచ్చి టూల్ రూముకి నడుస్తూ సగం దారిలో ఆ నవ్వు ఆగిపోయింది. తన ఉమ్మి కాకపోతే ఎవరిది?

టూల్ రూములో అప్పటికే నలుగురున్నారు. ఒకడి వెనక ఒకడు మిగతావాళ్ళూ వచ్చారు, ఇంటినుంచి తిరిగొచ్చిన క్రేన్ ఆపరేటరుతో సహా. ఎవరూ ఎవర్నీ అడగలేదు, మొహాలే చెప్పాయి. అందరికీ అదే వచ్చింది. అందరికీ ఒకే సంగతి అర్థమైంది. చివర వస్తాదు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకూ అదే అంది," అన్నాడు.

మీకు మగతనం అంటే ఏమిటో తెలియాలంటే అప్పుడు ఆ గదిలో ఉండాల్సింది. పదిమంది మనుషులు. వాళ్ళల్లో సగం మంది వస్తాదు చెయ్యి పట్టి లాగితే ప్రమాదాల్లోంచి బయటపడ్డవాళ్ళు. "ఒరేయ్, అది నీది, పద క్లినిక్‌కి" అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ మగవాడు ఇంకో మగవాడి మొహం మీద అలాంటి మాట అంటాడా? అంటే వాడేం అనుకుంటాడు?

ఆ ఇబ్బంది కూడా వస్తాదే తీర్చాడు.

"పదకొండూ ఒకేలా వచ్చాయంటే సరుకు చెడ్డదన్నమాట," అన్నాడు. "ఒకటో రెండో వస్తే నమ్మొచ్చు. అన్నీ వస్తే ఎవడు నమ్ముతాడు?"

మునిగిపోయేవాళ్ళకు తాడు దొరికినట్టు అందరూ ఆ మాట పట్టుకున్నారు. అందరికంటే ముందు పట్టుకున్నది మేస్త్రి.

"అంతే బావా. బ్యాచ్ మొత్తం చెత్త. ఊరికే ఇచ్చేవాటికి అంతకన్నా ఏముంటుంది?"

ఆ మాట తన గొంతులోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో మేస్త్రికే ఆశ్చర్యమేసింది. చెల్లెలు కళ్ళ ముందు మెదిలింది. మెదిలితే మెదిలింది, ఆడవాళ్ళ సంగతి ఆడవాళ్ళు చూసుకుంటారు అనుకున్నాడు. అనుకున్నాడే గానీ ఆ రోజు పోయించుకున్న టీలన్నీ తాగకుండానే పారబోశాడు.

ఆ తర్వాత క్లినిక్ చరిత్రలో ఎన్నడూ లేని వింత జరిగింది. మగవాళ్ళు వచ్చారు! మేస్త్రితో సహా పదిమందీ, ఒకరికి తెలియకుండా ఒకరు, పర్మిషన్లు పెట్టుకుని వచ్చారు. ఫిట్టరు హెల్మెట్ తీయకుండా బెంచీ మీద కూర్చున్నాడు. ఒక వెల్డరు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటే, పక్కనే అదే పేపరు అడ్డం పెట్టుకున్న ఇంకో వెల్డరు తగిలాడు. "పంటి నొప్పి" అన్నాడు ఇతను. "నాక్కూడా" అన్నాడు అతను. గ్రైండింగ్ పెద్దాయన్ని చూసి పసిపిల్లల తల్లులు లేచి చోటిచ్చారు. పదిమందికీ నెగెటివ్. బయటికొచ్చేటప్పుడు హెల్మెట్లు తీసి, జుట్టు దువ్వుకుని, వీధి మధ్యలోంచి నడిచారు.

రానివాడు ఒక్కడే. సిస్టరమ్మ రెండుసార్లు ఫోన్ చేస్తే అతను ఫోన్ నంబరే మార్చేశాడు.

మేస్త్రికి మనసాగలేదు. ఒకనాడు భోజనాల వేళ పక్కన కూర్చుని, ఎటో చూస్తూ, "ఓసారి నువ్వు కూడా వెళ్ళి రాకూడదూ బావా, ఊరికే" అన్నాడు.

"నేనెందుకు? మీ పదిమందికీ నెగెటివ్ వచ్చిందిగా," అన్నాడు వస్తాదు.

"వచ్చింది."

"ఆ పుల్లలన్నిటి మీదా నా ఉమ్మే కదా. మీకు లేదంటే నాకు లేనట్టే."

పాఠకులారా, ఈ తర్కంలో తప్పు ఎక్కడుందో మీకు వెంటనే తట్టి ఉండొచ్చు. మేస్త్రికి కూడా తట్టింది. తట్టినా, "అదీ నిజమేలే" అని గిన్నె కడుక్కోవడానికి లేచి వెళ్ళిపోయాడు. వాదించాలంటే ఆ వాదన ఎక్కడికి పోతుందో ఆయనకు తెలుసు. వస్తాదుకూ తెలుసు. ఇద్దరు పెద్దమనుషులు ఒకరినొకరు గౌరవించుకోవడమంటే ఇదే.

పాపం సిస్టరమ్మ కూడా మోసపోయింది. పదకొండు రియాక్టివ్‌లలో పది తప్పని తేలితే ఎవరికైనా పెట్టెమీదే అనుమానం వస్తుంది. పదకొండు నోళ్ళూ ఒకటేనని ఆమెకు ఎవరు చెబుతారు? చెబితే హాజరు కార్డుల నుంచి మూత్రం సీసాల దాకా గ్యాంగు గుట్టంతా బయటపడుతుంది. ఆమె కిట్లు బాగాలేవని పైకి రాసి పంపింది. చుట్టుపక్కల షెడ్డుల్లో పెట్టాల్సిన క్యాంపులు కూడా ఆపేశారు. మగవాళ్ళ దగ్గరికొచ్చిన ఒకే ఒక్క కార్యక్రమాన్ని ఆ గ్యాంగు అలా తలుపు దగ్గరే సాగనంపింది. "కిట్లు చెడ్డవి" అన్న మాట మాత్రం క్యాంటీన్ దాటి, వీధులు దాటి, ఇళ్ళల్లో ఆడవాళ్ళ దాకా వెళ్ళింది.

కొన్నాళ్ళకు మేస్త్రి చెల్లెలు నెల తప్పింది. ఆడమనిషి కదా, ఎవరూ బలవంతం చేయకుండానే తిన్నగా క్లినిక్‌కి వెళ్ళి, అడిగినంత రక్తం ఇచ్చింది. అన్ని పరీక్షలతో పాటు ఈ పరీక్షా చేశారు. నెగెటివ్. సంతోషంగా అన్నకు ఫోన్ చేసింది. ఆ రోజు మేస్త్రి సంతోషం చెప్పనలవి కాదు. గ్యాంగు మొత్తానికి టీ చెప్పాడు. చెల్లెలికి లేదంటే బావకూ లేనట్టే కదా! చూశారా, భార్య రక్తం ఎంత పనికొస్తుందో? అటు ఆమెకు సమాధానం చెబుతుంది, ఇటు మొగుడికి చెబుతుంది, అటుపక్క అన్నకు నిద్ర పట్టిస్తుంది.

ఆ నిద్ర ఎక్కువకాలం నిలవలేదు. వస్తాదు తగ్గడం మొదలుపెట్టాడు. దగ్గు వదలదు, చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. గ్యాంగు ఏం చేసిందనుకున్నారు? ప్రేమతో ఆదుకుంది. అతను గొలుసు ఎత్తబోతే ఇంకొకడు వచ్చి, "నాకు ఒళ్ళు వంగాలి, నేను పడతా" అని అందుకునేవాడు. అతను మెట్ల మీద ఆగిపోతే వెనకవాడు కూడా ఆగి ఏదో వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకునేవాడు. బెల్టుకు కొత్త కన్నం పెట్టుకుంటే, "డైటింగా గురూ, బాగుంది" అన్నారు. అతని పని మొత్తం పదిమందీ పంచుకుని మోశారు, అతను చిన్నబుచ్చుకోకుండా. అంత చేసినవాళ్ళు ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. మేస్త్రి ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చుకుని మింగేశాడు.

నెలలు నిండుతున్నప్పుడు క్లినిక్‌లో ఆమెకు మళ్ళీ పరీక్ష చేశారు. ఈసారి పాజిటివ్. వేరే రకాలతో ఇంకో రెండుసార్లు చూశారు. అదే.

ఆమె అత్తగారు ఒక్క మాటతో తేల్చేసింది. "మావాడికి ఏటేటా ఫిట్‌నెస్ కాగితం ఇస్తారు. నీకెక్కణ్ణుంచి వచ్చిందో నువ్వే చెప్పాలి."

వస్తాదు తల్లి మాటకు ఎదురు చెప్పలేదు, భార్యను ఒక్క మాటా అనలేదు. "ఆ కిట్లన్నీ చెడ్డవేనే. మంచి సరుకు వచ్చాక చూద్దాంలే, వాళ్ళిచ్చిన మాత్రలేం మింగకు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సెలవునాడు పొద్దున్నే ఆమె అన్న ఇంటికొచ్చింది. మేస్త్రి వాకిట్లో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. వదిన వంటింట్లో ఉంది. చెల్లెలు నడుం మీద చెయ్యేసుకుని మెల్లగా కూర్చుని, చేతిసంచీలోంచి మందుల సీసా తీసి గట్టు మీద పెట్టింది. మూతకు అతికించిన కాగితం కూడా చించలేదు.

"సిస్టర్ ఇచ్చింది. ఇవాళే మొదలుపెట్టమంది, బిడ్డకు అంటకుండా ఉంటుందట," అంది. "నేను వేసుకోలేదు."

"ఎందుకని?" అన్నాడు మేస్త్రి అద్దంలోంచి చూపు తిప్పకుండా.

"నిన్నడుగుదామని వచ్చానన్నయ్యా. నీకూ అప్పుడు ఇలాగే ఉందన్నారుగా. మళ్ళీ చేయిస్తే లేదన్నారుగా. నీకెలా పోయింది?"

మేస్త్రి గడ్డం మీద సబ్బు ఆరిపోతోంది.

"అందరూ నన్నో రకంగా చూస్తున్నారు. మా అత్తగారు నా కంచం వేరే పెట్టింది. నాకు తెలుసు నేనేం తప్పు చెయ్యలేదని. ఆయన కిట్లు చెడ్డవంటున్నారు. నువ్వూ అదే అన్నావట. మేస్త్రి అన్నాడంటే అయ్యుంటుందిలే అని ఈ మాత్రలు వేసుకోలేదు. మంచి కిట్ వచ్చాక మళ్ళీ చేయించుకుంటా. నీకు పోయినట్టే నాకూ పోతుంది కదా?"

ఇక్కడ నేను మేస్త్రిని తీవ్రంగా ఖండించక తప్పదు. అంతవరకూ అంత నిబ్బరంగా ఉన్న మనిషి, మగజాతికే వన్నె తెచ్చిన మనిషి, ఆ సీసా వంకా ఆమె పొట్ట వంకా ఒకసారి చూసి నీరుగారిపోయాడు. తువ్వాలుతో సబ్బు తుడిచేసుకున్నాడు. సగం గడ్డం అలాగే ఉంది.

"నాకు పోలేదమ్మా. నాకసలు లేదు. ఆ పుల్ల మీది ఉమ్మి నాది కాదు."

"మరెవరిది?"

"అందరిదీ బావదే. మేమెవరం చేసుకోలేదు. నేనే వాడి చేత చేయించాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చెల్లెలికి ఏడుపు రాలేదు. లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా నేలవైపు చూసింది.

"ఎవరెవరికి తెలుసు?"

"గ్యాంగులో వాళ్ళకే. బయట ఎవరికీ చెప్పలేదు," అన్నాడు మేస్త్రి. అదేదో ఊరట అన్నట్టు చెప్పాడు.

"మొదటిసారి నాకు లేదని నీకు ఫోన్ చేశాను, గుర్తుందా?"

"ఉంది."

"అప్పటికి నీకు తెలుసు."

మేస్త్రి తలూపాడు.

"అప్పటికి నాకు లేదన్నయ్యా," అంది ఆమె.

ఆమె వదినను మంచినీళ్ళు అడిగింది. మూత గట్టిగా ఉండి తిరగకపోతే మేస్త్రి సాయానికి చెయ్యి చాచాడు. ఆమె సీసాను తనవైపుకి లాక్కుని, తనే మూత తీసి మాత్ర వేసుకుంది.

తర్వాత సంగతి మీకు చెప్పాలి. మర్నాడు మేస్త్రి వస్తాదును రెక్క పట్టుకుని క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. జీవితంలో మొదటిసారి వస్తాదు తన పరీక్ష తన పేరు మీద చేయించుకున్నాడు. ఆ మాత్రలతో అతను కోలుకున్నాడు, మళ్ళీ గొలుసు ఎత్తుతున్నాడు. ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు అంటలేదు. షెడ్డులో అందరూ మేస్త్రిని మెచ్చుకున్నారు, ఎంత గుండె దిటవు అని. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

కాబట్టి మగవాళ్ళు వైద్యానికి రారన్న నింద ఇకనైనా మానండి. వస్తాదు ఎంతో క్రమశిక్షణతో రోజూ మాత్ర వేసుకుంటున్నాడు. కాకపోతే షిఫ్టు వదిలి ఆ గులాబీ గోడల మధ్య కూర్చోవడం కుదరదు కనుక, మందులు తేవడానికి మాత్రం భార్యను పంపిస్తాడు. ఆమె చంకలో పిల్లతో లైన్లో నిలబడి, తన సీసా, అతని సీసా, రెండూ తీసుకుని వస్తుంది.

రెండు సీసాలు చూసి లైన్లో ఆడవాళ్ళు పక్కకు జరిగి దారిస్తున్నారట. పాపం, ఈవిడకు బాగా ముదిరినట్టుంది అని.